కాగు నుండి ఈతకొలను దాక

రెంటచింతల ఎండలను ఎరిగినవారి ఎదుట నీటిని వేడిచేయు ఉపాయములను గూర్చి ప్రసంగించుట కొంత సాహసమే. వైశాఖమాసము వచ్చినదనగా పల్నాటిలో మిట్టమధ్యాహ్నము కుళాయి త్రిప్పినచో కాగిన నీరే వచ్చును. అట్టి సీమలో ఇంటి ఆవరణలో ఈతకొలను కట్టుకొని, అందలి నీటిని మరల వెచ్చచేసికొనుట ఎందులకని ఎవరైనను నవ్వవచ్చును. కాని ధనుర్మాసపు వేకువను ఎరుగనివారు మాత్రమే అట్లు నవ్వుదురు. గుంటూరు, ప్రకాశం మైదానములలో మార్గశిర పుష్యమాసములందు పత్తిచేలపై మంచు కమ్ముకొన్నపుడు, గాలి వేడిమి 20 డిగ్రీల సెంటిగ్రేడునకు దిగువకు జారును. ఆరుబయట నిలిచిన నీరు ఒళ్ళు జలదరింపజేయును. బాలింతకు, పసిబిడ్డకు, కీళ్ళనొప్పులు గల వృద్ధులకు వెచ్చని నీరు ఆనాడు విలాసము కాదు, అవసరము.

ఈతకొలను మనకు క్రొత్తది కావచ్చును. నీటికి వేడి ఎక్కించు విద్య క్రొత్తది కాదు. ఆ విద్య చరిత్రను పరికించినచో రెండు ప్రశ్నలు మాటిమాటికి ఎదురగును. నిప్పును ఎచ్చట ఉంచవలెను? ఎక్కిన వేడిని ఎట్లు నిలుపవలెను? ఈ రెండింటి వెనుక మూడవ ప్రశ్న యొకటి దాగియున్నది. ఆ నిప్పునకు కట్టెలు మోయువారు ఎవరు? ఈ మూడింటిని వరుసగా విచారింతము.

మొదట బావిని చూతము. మన పల్లెలలో పిల్లలు ఈత నేర్చినది దిగుడుబావులలోను, చెరువులలోను, కాలువలలోను. ఎండిన సొరకాయ బుర్రయో, బెండ్లకట్టయో నడుమునకు కట్టి పెద్దలు నీటిలోనికి దింపెడివారు. చలికాలపు వేకువను బావినుండి చేదుకొన్న నీరు వెచ్చగానుండి ఆవిరులు చిమ్ముట, వేసవిలో అదే నీరు చల్లగా తగులుట అందరికిని అనుభవమే. ఇందులో మాయ లేదు. నేల లోతున వేడిమి సంవత్సరము పొడుగునను ఇంచుమించు ఒక్క తీరున నుండును. అది ఆ ప్రాంతపు సాంవత్సరిక సగటు వేడిమికి దగ్గరగా నుండును. గుంటూరు సీమలో అది సుమారు 28 డిగ్రీలు. గాలి 18 డిగ్రీలకు దిగినపుడు ఆ నీరు వెచ్చన, గాలి 44 డిగ్రీలకు ఎగసినపుడు అదే నీరు చల్లన. కావున మన మైదానములో నీటిని వెచ్చగా నుంచు మొదటి కాగు భూమియే. గోదావరీ తీరమున భద్రాచలమునకు సమీపముననున్న గుండాలవద్ద ఇసుకలో చెలమ త్రవ్వినచో వేడినీరే ఊరును. అట్టి ఊటలు గల చోట నిప్పుతో పనియే లేదు. అవి లేనిచోట మానవుడు తన ఉపాయము తాను వెదకుకొనవలసి వచ్చెను.

సింధునదీ తీరమున మొహెంజొదారోలో బయల్పడిన మహాస్నానవాటిక సుమారు 12 మీటర్ల పొడుగు, 7 మీటర్ల వెడల్పు, రెండు మీటర్లకు మించిన లోతు గలది. నీరు ఇంకకుండ ఇటుకలవెనుక తారు పూసినారు. నీటిని నిలుపు విద్య అప్పటికే పరిపక్వమైనది. కాని అందలి నీటిని వేడిచేసినట్లు ఆనవాలు లేదు.

వేడి స్నానమును గూర్చి మన దేశమున వివరమైన నియమములు కనుపించునది బౌద్ధుల వినయపిటకములో. భిక్షువుల ఆరోగ్యముకొరకు చంక్రమణమును, జంతాఘరమును అనుమతింపుమని వైద్యుడు జీవకుడు బుద్ధుని కోరినట్లు అందు గలదు. జంతాఘరమనగా నిప్పు గల స్నానపుగది. చిన్నదైనచో పొయ్యి ఒక ప్రక్కను, పెద్దదైనచో నడుమను ఉండవలెను. పొగ వెడలుటకు గొట్టముండవలెను. ముఖము కాలకుండ మట్టి పూసికొనవచ్చును. నీరు నిలిచి బురద కాకుండ నేలను పరచి, తూము పెట్టవలెను. ఈ నియమములు చదువుచున్నపుడు ఎవరో అనుభవశాలియైన గృహస్థు ఇల్లు కట్టించుచున్నట్లు తోచును. ధర్మబోధ చేయు గ్రంథములో పొగగొట్టమునకు, మురుగుతూమునకు చోటు దొరకుట గమనింపదగినది.

అమరావతి, భట్టిప్రోలు, విజయపురి, చందవరము వంటి బౌద్ధక్షేత్రములతో నిండిన ఈ సీమకు ఆ గ్రంథము పరాయిది కాదు. ముఖ్యముగా విజయపురిని తలచుకొనవలెను. క్రీస్తుశకము 3, 4 శతాబ్దులలో ఇక్ష్వాకులు కృష్ణకు దక్షిణతీరమున నాగార్జునకొండ లోయలో రాజధాని నిర్మించినారు. 1926లో వెలుగులోనికి వచ్చిన ఆ శిథిలములను లాంగ్‌హర్స్ట్, తరువాత టి. ఎన్. రామచంద్రన్, 1954 మొదలు 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం త్రవ్వించినారు. నదీతీరమున రాతిమెట్ల స్నానఘట్టము, కోటలో మెట్లు గల కోనేరు, విహారములలో స్నానపుగదులు, రాతి తూములు బయల్పడినవి. ఆ కోనేరు అశ్వమేధానంతరము చేయు అవభృథ స్నానమునకు నిర్మించినదని పురావస్తు పరిశోధకులు తలచినారు. నీటిని గౌరవించుటయు, నీటికి దారి చూపుటయు ఆ నగరమునకు తెలిసినట్లు ఆ రాళ్ళే సాక్ష్యమిచ్చుచున్నవి.

అదే లోయలో రోమను బంగారు నాణెములు దొరికినవి. వినుకొండవద్దను దొరికినవి. మన తీరమునకు రోముతో వర్తకముండెనని దీనివలన స్పష్టము. ఆ రోము నగరములోనే వేడినీటి ఈతకొలను ప్రత్యేక కళగా వర్ధిల్లెను. అగస్టసు చక్రవర్తికి ఆప్తుడైన మీసినసు ఆ నగరమున వేడినీటి ఈతకొలనును మొట్టమొదట కట్టించెనని చరిత్రకారుడు డియో కాసియసు వ్రాసెను. మీసినసు క్రీస్తుపూర్వము 8వ సంవత్సరమున మరణించెను. కనుక ఇంటి ఈతకొలనును వేడిచేయు ముచ్చటకు రెండువేల ఏండ్లకు మించిన వయసున్నది.

రోమనుల ఉపాయము సూక్ష్మమైనది. నేలను చిన్నచిన్న ఇటుక స్తంభములపై ఎత్తి నిలిపి, అడుగున ఖాళీ విడిచెడివారు. గోడవెలుపలనున్న కొలిమిలో కట్టెలు మండును. ఆ వేడిగాలి నేలక్రిందుగా ప్రాకి, గోడలలోని బోలు పెంకులగుండ పైకి పోవును. స్నానము చేయువానికి నిప్పు కనుపింపదు, పొగ సోకదు. కొలనులోని నీరు చల్లబడకుండ, దానిని ఆనుకొని కొలిమిపై కంచుపాత్ర నొకదానిని బోర్లించెడివారు. నీరు అందులోనికి పోయి వేడెక్కి మరల కొలనులోనికి వచ్చుచుండును. ఆకారమునుబట్టి దానికి తాబేలని పేరు పెట్టినారు. నేటి ఈతకొలనుల యంత్రములలోను జరుగుచున్నది ఇదియే. నీటిని బయటకు తీసి, వేడిచేసి, తిరిగి పంపుట. రోమనులు పాత్రను ఆనించి చేసినదానిని మనము పంపు పెట్టి చేయుచున్నాము.

అయితే ఆ కొలిమిచెంత ఎవరుండిరి? బానిసలు. పైన పాలరాతి అరుగులపై సంభాషణలు, క్రింద చీకటిలో కట్టెలు ఎగద్రోయు చేతులు. వేడినీటి చరిత్రలో ఈ మేడయు, నేలమాళిగయు ఎప్పుడును జంటగానే కనుపించును.

నిప్పు ఒకచోట, వేడి మరియొకచోట నుండు ఈ పద్ధతిని చూచుటకు మన రైతులు రోమునకు పోనక్కరలేదు. 1920 దశకము నుండి గుంటూరు సీమలో వర్జీనియా పొగాకు వ్యాపించినపుడు, దానితోపాటు పొగాకు బ్యారన్లు లేచినవి. వెలుపల పొయ్యి, లోపల నేలవెంబడి ఇనుప గొట్టములు, వాటిపైన కర్రలకు గ్రుచ్చి వ్రేలాడదీసిన ఆకు. పొగ ఆకును తాకరాదు, వేడి మాత్రమే తాకవలెను. ఒంగోలు, కందుకూరు ప్రాంతములలో రాత్రులు మేల్కొని బ్యారను వేడిని కనిపెట్టిన రైతునకు రోమను స్నానశాల మర్మము ఒక్కమాటలో తెలియును. ఆ బ్యారన్లు ఎన్ని బండ్ల కట్టెలు మ్రింగునో కూడ అతనికి తెలియును.

తురుష్క, పారసీక దేశముల హమాము పద్ధతి దక్కనులోను వేళ్ళూనెను. హైదరాబాదులో కుతుబ్‌షాహీ సమాధుల ప్రాంగణమున, సుల్తాన్ కులీ కాలమునాటి హమాము నేటికిని ఉన్నది. అందు వేడినీటికి, చన్నీటికి వేరువేరుగా మట్టి గొట్టములు అమర్చినారు. అది సుఖస్నానమునకు గాక, రాజకుటుంబములవారి అంతిమ స్నానమునకు ఉద్దేశింపబడినది. పుట్టిన బిడ్డకు వేడినీరు, పోయిన మనిషికి వేడినీరు. మన ఇండ్లలోను ఈ ఆచారము ఇట్లే ఉన్నదిగదా!

ఇక మన పెరటిలోనికి వత్తము. దొడ్డిగోడ ప్రక్క మూడు రాళ్ళు, వాటిపై మసిబారిన కాగు. ప్రక్కనే గంగాళము. కాగులోని నీటిని గంగాళములోనికి దింపి తొలపుట ఇంటి ఇల్లాలి పని. వేడినీళ్ళకు చన్నీళ్ళు తోడన్న సామెత ఈ గంగాళమువద్దనే పుట్టియుండును. తలంటుకు కుంకుడుకాయ, ఒంటికి నలుగుపిండి, బాలింతకు వావిలాకు వేసి కాచిన నీళ్ళు, నరకచతుర్దశికి, భోగికి తెలవారకముందే అభ్యంగనము. వీటన్నింటికిని ఆధారము ఆ మసికాగు.

దానికి ఇంధనమేది? పిడకలు, కంపలు, తుమ్మమొద్దులు. పత్తి ఏరుట ముగిసినపిదప చేలో నిలిచిన కట్టెను పెరికి మోపులు కట్టి ఇంటిగోడకు చేర్చెడివారు. మిరపకట్టెయు అంతే. పత్తి లాభము వ్యాపారులకు పోయినను, పత్తికట్టె మాత్రము ఇంటికి మిగిలెడిది. ఆ కట్టెతో పొరపాటున ఒక ఎండుమిరపకాయ పొయ్యిలో పడెనా, ఊరి దగ్గు అంతయు ఆ ఇంటనే! ప్రకాశం, పల్నాటి మెట్టలలో సర్కారు తుమ్మ దట్టముగా పెరిగిన తరువాత దాని మొద్దులును, బొగ్గులును ఈ పనికి వచ్చినవి. మోపు తెచ్చుట, పొయ్యి ఊదుట, కాగు దింపుట, పొగకు కన్నీరు కార్చుట, ఇవి చాలవరకు స్త్రీల వంతు. స్నానము చేసి వచ్చిన పురుషుడు నీళ్ళు చాలినంత కాగలేదని విసుగుకొనుట కూడ మన చరిత్రలో భాగమే.

ఇరువదవ శతాబ్దిలో మధ్యతరగతి ఇండ్లకు రాగి బాయిలరు వచ్చెను. ఇది చిన్న వస్తువే యైనను పెద్ద మార్పు. కాగుక్రింద మండు నిప్పు వేడిలో అధికభాగము ప్రక్కలనుండి గాలిపాలగును. బాయిలరులో నీటినడుమ గొట్టము, ఆ గొట్టములో బొగ్గులు. నిప్పుచుట్టును నీరే యగుటచే వేడి తప్పించుకొను దారి తగ్గెను. రష్యనుల సమోవారు మర్మమును ఇదియే. కుళాయి త్రిప్పినచో నీరు వచ్చుటచే కాగు దింపు ప్రమాదము తప్పెను. 1868లో లండనులో బెంజమిన్ మాహన్ అను చిత్రకారుడు గ్యాసుతో నీటిని వెంటనే వేడిచేయు యంత్రము కల్పించి, ఐస్‌లాండు వేడినీటి ఊట పేరుమీదుగా గీజరని పిలిచెను. ఆ పేరే విద్యుత్తుతో నడచు పరికరమునకును వచ్చి మన స్నానపుగది గోడకెక్కినది. పొగ పోయెను. మోపులు పోయెను. నిప్పు ఇంటినుండి దూరముగా విద్యుత్కేంద్రమునకు తరలిపోయెను. పోయినది నిప్పుమాత్రమే, ఖర్చు కాదు.

నిప్పు లేని ఉపాయము ఒకటి మనకు చిరకాలముగ తెలియును. పసిబిడ్డ స్నానమునకు ఇత్తడి పళ్ళెరములో నీరుపోసి ఎండలో పెట్టుట. మిరపకల్లమును చూచినను ఇదే పాఠము. కాయను పలుచగా పరచినచో ఎండ పట్టును. రాత్రి మంచు తగులకుండ కుప్పచేసి పట్టా కప్పినచో పగటి వేడి నిలుచును. పరచుట, కప్పుట, ఈ రెండే ఎండను వాడుకొను శాస్త్రమునకు మూలసూత్రములు. 1767లో జెనీవా పండితుడు ద సొస్యూర్ అద్దములు బిగించిన పెట్టెను ఎండలో నుంచి, లోపల నీరు మరగు వేడిమిని మించిన వేడిని సాధించెను. 1891లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున క్లారెన్సు కెంప్ నల్లని తొట్లను అద్దపుపెట్టెలో నుంచి నీరు కాచు పరికరమునకు పేటెంటు పొందెను. పగలు కాగిన నీరు రాత్రికి చల్లారుట దాని లోపము. 1909లో కాలిఫోర్నియాలో విలియం బెయిలీ ఎండపట్టు పలకను, నీరు నిలుచు తొట్టిని వేరుచేసి, తొట్టికి దుప్పటి వంటి కవచము తొడిగి ఆ లోపము తీర్చెను. నేడు మన మేడలపై కనుపించు సౌరపరికరములు ఆ వంశములోనివే.

ఇప్పుడు ఈతకొలను లెక్క చూతము. 8 మీటర్ల పొడుగు, 4 మీటర్ల వెడల్పు, సగటున ఒకటింబావు మీటరు లోతు గల కొలనులో 40,000 లీటర్ల నీరు పట్టును. దానిని ఒక్క డిగ్రీ వెచ్చచేయుటకు 40,000 కిలో కేలరీలు, అనగా సుమారు 46 యూనిట్ల వేడి కావలెను. 22 డిగ్రీల నీటిని 28 డిగ్రీలకు తెచ్చుటకు సుమారు 280 యూనిట్లు. ఇరువది లీటర్ల బకెట్టు నీటిని 15 డిగ్రీలు వెచ్చచేయుటకు వలసిన వేడితో పోల్చినచో, ఇది 800 బకెట్ల స్నానపు వేడి. కట్టెలతో చేసినను, మంటవేడిలో సగము నీటికి ఎక్కెననుకొన్నను, 120 కిలోల ఎండుకట్టె కావలెను. అదియు ఒక్కసారికే.

ఎక్కించిన వేడి నిలుచునా అన్నది అసలు ప్రశ్న. కొలను వేడిని దొంగిలించునది ముఖ్యముగా నేలగాని, గోడగాని కాదు. నీటి ఉపరితలము. లీటరు నీరు ఆవిరియై పోవునపుడు సుమారు 580 కిలో కేలరీలను వెంటబెట్టుకొని పోవును. మన కొలనునుండి రోజునకు ఐదు మిల్లీమీటర్ల మందము నీరు ఆవిరియైనచో, 160 లీటర్ల నీటితోపాటు రెండు డిగ్రీలకు పైబడిన వేడిమి పోవును. మన కుండనీరు వేసవిలో చల్లబడుటకు ఏది కారణమో, మన కొలనునీరు హేమంతమున వణకించుటకును అదియే కారణము. కావున వేడిచేయు ఉపాయములలో మొదటిది వేడిచేయునదియే కాదు. రాత్రివేళ కొలనుపై పట్టా కప్పుట. ఇది యంత్రము కాదు, ఇంధనము కోరదు. వేడిని, నీటిని రెండింటిని కాపాడును.

రెండవది సూర్యుడు. ఈతకొలనుకు మరగు నీరు అక్కరలేదు, గోరువెచ్చన చాలును. కనుక అద్దములు లేని నల్లని గొట్టముల చాపలను మేడపై పరచి కొలనునీటిని వాటిగుండ నడిపినచో సరిపోవును. చాప వైశాల్యము కొలను ఉపరితలములో సగమైన నుండవలెను. మన సీమ చలికాలపు ఎండలో అట్టి చాపలు రోజునకు సుమారు ఒక డిగ్రీ వేడిమిని చేర్చగలవు. పట్టా కప్పనివానికి ఆ డిగ్రీ రాత్రికి రాత్రే పోవును. కప్పినవానికి నిలుచును.

మూడవది హీట్‌పంపు. వేడిని పుట్టింపక, గాలిలోనున్న వేడిని తోడి నీటిలో పోయు యంత్రమిది. 1852లో విలియం థామ్సన్, తరువాత కెల్విన్ ప్రభువని పేరొందిన శాస్త్రజ్ఞుడు, దీని సూత్రమును వివరించెను. ఒక యూనిట్టు విద్యుత్తు ఖర్చుపెట్టి నాలుగైదు యూనిట్ల వేడిని చేర్చగలదు. గాలి ఎంత వెచ్చనైనదో యంత్రము అంత సుఖముగా పనిచేయును. కనుక మంచుదేశములకంటె మన మైదానమున దీనికి అనుకూలము మెండు. పైని 280 యూనిట్ల వేడికి దీనితో 60, 70 యూనిట్ల విద్యుత్తు చాలును. గ్యాసు పొయ్యి త్వరగా వేడిచేయును గాని, కొన్న ఇంధనమంతయు కాలిపోవును. తీగె వేడితో నేరుగా కాచు పద్ధతి కొలనుకు అన్నింటికంటె దుబారా.

చివరకు మిగులునది నీటి ప్రశ్న. ప్రకాశం మెట్టలలో, కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతములలో ఫ్లోరైడు లేని మంచినీటికై జనులు ఎంత శ్రమపడినారో ఈ సీమవారికి చెప్పవలసినది లేదు. అదే విజయపురి లోయలో 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగెను. 1967లో కాలువలకు నీరు వదలినారు. కుడికాలువ నీరు గుంటూరు, ప్రకాశం పొలములను తడిపెను. ఇక్ష్వాకుల స్నానఘట్టము నిలిచిన లోయ జలాశయములో మునిగెను. ఆ రాళ్ళను ముందుగానే ఎత్తి, నేడు ద్వీపమైన నాగార్జునకొండపై మరల పేర్చినారు. ఒక నగరపు స్నానతీర్థమును విడిచి మనము పొలములకు నీరు తెచ్చుకొన్నాము. అది న్యాయమైన వినిమయమే కావచ్చును. కాని ఆ నీటికి చెల్లించిన వెల ఎంతటిదో మరువరాదు.

వేడినీటి కొలను కట్టుకొను గృహస్థును మేము తప్పుపట్టము. వృద్ధులకు అది ఔషధము, పిల్లలకు అది విద్య. మా మనవి ఒక్కటే. కొలనుతోపాటు కప్పునకును మొదటనే లెక్కవేసికొనవలెను. ఎండను వాడుకొనవలెను. యంత్రమును ఆ తరువాతనే తలచవలెను. ఏటికేడు క్రొత్తనీరు నింపుటకంటె ఉన్న నీటిని వడగట్టి వాడుట మేలు. పెరటిలో కాగు కాచిన మన తల్లులు ఒక్క చెంబు వేడినీటిని కూడ వృథాగా పారబోయనీయలేదు. మోపు మోసినవారికి వేడి విలువ తెలియును. మీట నొక్కువారికిని ఆ విలువ తెలిసియుండవలెను.